సగం సినిమా, సిరిసిల్ల వాయిదా

కోరుట్ల బస్టాండులో పొద్దున ఏడు ఇరవైకి జగిత్యాల బస్సు ఎక్కాను. చేతిలో ఒక సంచి. అందులో ఒక జత బట్టలు, నీళ్ల సీసా, గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న న్యాయశాస్త్ర పరిచయ పుస్తకం. కోరుట్లలో నాది లేడీస్ టైలర్ దుకాణం. మర్నాడు సిరిసిల్ల కోర్టులో మా బామ్మర్ది సంతోష్‌కు వాయిదా ఉంది కాబట్టి దుకాణం రెండు రోజులు మూశాను. దారిలో జగిత్యాలలో ఆగాలనుకున్నది మాత్రం సినిమా కోసం. ఒక మహిళా వకీలు, ఆమె కాపాడాల్సిన ముద్దాయి, కథంతా కోర్టులోనే నడుస్తుందని గ్రంథాలయంలో పేపరు చదివే మిత్రుడొకాయన చెప్పాడు. చూస్తే కేసుకు పనికొచ్చే పాయింటు ఏదైనా దొరుకుతుందని నా ఆశ.

సంతోష్ సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుడు. ఎనిమిది నెలల కిందట అతను పనిచేసే షెడ్డులో ఒక మధ్యాహ్నం నూలు పెట్టెలు పోయాయి. మూడు గంటలప్పుడు సంతోష్ పెట్టె భుజాన వేసుకుని వెనక తలుపు నుంచి పోతుంటే చూశానని వాచ్‌మన్ చెప్పాడు. ఆ రోజు తన మగ్గాలకు పడుగు నూలు అయిపోయి పని లేదని, ఇంట్లో పడుకున్నానని సంతోష్ పోలీసులకు చెప్పాడు. పక్కింటివాళ్లేమో ఇంటికి తాళం వేసి ఉందన్నారు. ఇప్పుడు బెయిలు మీద ఉండి వేరే షెడ్డులో పనిచేసుకుంటున్నాడు. రేపు కోర్టులో వాచ్‌మన్ సాక్ష్యం.

ఇందులో నా పాత్ర కూడా చెప్పాలి. బడిలో నేను చదివింది పదో తరగతి వరకే. మిగతా చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో. పన్నెండేళ్లుగా దుకాణం తెరిచే ముందు గంటసేపు అక్కడే కూర్చుంటాను. రాజ్యాంగం తెలుగు అనువాదం రెండుసార్లు చదివాను. అందుకే బెయిలు వచ్చిన రోజు సంతోష్ "బావా, నిజం చెప్పాల్నంటే ఆ రోజు నేను..." అని మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ముద్దాయిని మాట్లాడమని ఎవరూ బలవంతం చెయ్యలేరని ఇరవయ్యో అధికరణం వివరించాను. "నాకు చెప్పకు, వకీలుకు గూడ చెప్పకు. ఒక్క మాట మీద ఉండు," అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి చాలా గర్వంగా వచ్చాను.

బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి సీట్లన్నీ వాళ్లవే. మగవాళ్లం కడ్డీలు పట్టుకుని నిలబడ్డాం. ఇబ్రహీంపట్నం వైపు నుంచి వస్తున్న ఒక ముసలమ్మ నా అవస్థ చూసి నవ్వింది.

"పైసలు వెట్టినోడు నిలవడె, పైసల్లేనోళ్లం కూసున్నం. గా సంచన్న నా ఒళ్లె వెట్టు కొడుకా. ఏడికి పోతున్నవ్?"

"జగిత్యాలకు అవ్వా. సినిమాకు."

"పొద్దుగాల్నె సిన్మనా? పనిపాట లేదా?"

"కోర్టు సినిమా అవ్వా. మా బామ్మర్ది మీద కేసుంది. ఏమన్న తెలుస్తదని."

"కేసుంటె వకీలు దగ్గరికి పోతరు గని సిన్మకు పోతరా ఎవలన్న?"

చుట్టుపక్కల ఆడవాళ్లంతా నవ్వారు. ఎనిమిది పదికి జగిత్యాలలో దిగాను.

టవర్ సర్కిల్ దగ్గర ఇడ్లీ తిన్నాను. చట్నీ పల్చగా ఉన్నా వేడిగా ఉంది. పదింటికి బట్టల దుకాణాలు తెరవగానే అయిదు మీటర్ల లైనింగు గుడ్డ తీసుకున్నాను. పదకొండింటి ఆటకు టికెట్ సులభంగానే దొరికింది. మామూలు రోజుల్లో ఉదయం ఆటకు పోయేవాళ్లు ముందుగా బుక్ చేసుకోనక్కర్లేదు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ.

సినిమాలో ముద్దాయి తన వ్యాపార భాగస్వామిని చంపాడని ఆరోపణ. వకీలు జైలుకు వెళ్లి అతన్ని మూడుసార్లు ఒకటే ప్రశ్న అడుగుతుంది: "నాకు చెప్పనిది ఇంకేమైనా ఉందా?" మూడుసార్లూ అతను లేదంటాడు. ఇంటర్వెల్‌కు ముందు ప్రభుత్వ వకీలు లేచి, హత్య జరిగిన వీధిలో ఈ ముద్దాయి ఆ రోజు నిలబడి ఉన్న ఫోటో జడ్జి ముందు పెడతాడు. ముద్దాయి తల దించుకుంటాడు. వకీలు అతని వైపు తిరిగి చూస్తుంది. ఆమె ముఖం మీదే బొమ్మ ఆగిపోయి లైట్లు వెలిగాయి.

జనం సమోసాల కోసం లేచారు. నేను మాత్రం కుర్చీలోనే ఉండిపోయాను. ఆ ముద్దాయిని ఎవరో ఒక బావ ఆపి ఉంటాడనిపించింది. రేపు కోర్టులో వాచ్‌మన్‌ను ప్రశ్నించబోయే మా వకీలు శ్రావణి మేడంకు సంతోష్ ఆ రోజు ఎక్కడున్నాడో తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

బయటికొచ్చి సంతోష్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మగ్గాల చప్పుడులో ఫోన్ వినపడదు. మళ్లీ చేశాను. శ్రావణి మేడం కరీంనగర్‌లో ఉంటారు, అయిదింటికి సిరిసిల్ల ఆఫీసు మూసి బస్సెక్కుతారు. టైం పన్నెండు ఇరవై అయిదు. రెండో సగం వదిలేసి ఆటోలో బస్టాండుకు పోయి పన్నెండు యాభైకి వేములవాడ బస్సు పట్టుకున్నాను. అన్నం తినలేదు. రెండు అరటిపండ్లు కొన్నాను, అవి కూడా సంచిలోనే ఉండిపోయాయి.

ఈసారి చివరి వరసలో సీటు దొరికింది. పక్కన డిగ్రీ చదివే అమ్మాయి. నేను పదే పదే ఫోన్ చూసుకోవడం గమనించి, "బస్సు లేటేం గాదంకుల్, రెండున్నర లోపల్నె పోతది," అంది. మాటల్లో సినిమా సంగతి వచ్చింది.

"ఇంటర్వెల్ల లేచొచ్చిండ్రా? అసలు కథ సెకండాఫ్ల్నే ఉన్నది!"

"చెప్పకమ్మా. మల్ల ఎప్పుడన్న చూస్త."

"చెప్పనంకుల్." రెండు నిమిషాలు కూడా ఆగలేదు. "ఒక్కటి చెప్త. ఆ క్లయింటే చంపుతడు. పాపం, మేడంను పిచ్చిదాన్ని చేస్తడు."

చెప్పేసి, "సారీ అంకుల్," అని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను కిటికీ వైపు తిరిగాను. కోతకొచ్చిన వరి, మధ్యలో పత్తి చేను, మళ్లీ వరి. అప్పటిదాకా సంతోష్ ఎక్కడున్నాడన్నదే నా ప్రశ్న. ఇప్పుడు ఇంకొకటి చేరింది. వాడు ఆ రోజు చెప్పబోయింది నేరమేమో. నేను ఆపింది అందుకేనేమో, నాకే తెలియకుండా. బస్సు ఆగిన ప్రతిచోటా లేచి నిలబడి చూశాను, దిగే ఊరు కాకపోయినా.

వేములవాడలో రెండు ఇరవై. అప్పుడే కదులుతున్న సిరిసిల్ల బస్సు ఎక్కితే రెండు యాభైకి దింపింది. అక్కడినుంచి ఆటో. మరమగ్గాల వీధుల్లోకి తిరగ్గానే చప్పుడు మొదలవుతుంది. కొత్తగా పోయేవాళ్లకు ఒక మాట: ఆ వీధుల్లో ఎవరినైనా పలకరించాలంటే వాళ్ల కళ్లెదుటికి పోయి నిలబడాలి, పిలిస్తే లాభం లేదు.

సంతోష్ నాలుగు మగ్గాల మధ్య తిరుగుతున్నాడు. నన్ను చూసి పక్కవాడికి సైగ చేసి బయటికొచ్చాడు.

"ఏంది బావా, గింత జల్ది అచ్చినవ్? అక్క మంచిగున్నదా?"

"ఆ రోజు ఏడున్నవ్‌రా?"

"చెప్పద్దంటివి గద."

"ఇప్పుడు చెప్పు." తర్వాతి మాట అనకుండా ఉంటే బాగుండేది. "పెట్టె నువ్వే తీసినవా?"

వాడు చేతులకంటిన నూనె లుంగీకి తుడుచుకున్నాడు. "ఊరంత అడిగింది. నువ్వు గూడ అడుగుతవనుకోలె బావా," అన్నాడు. తర్వాత చెప్పాడు.

ఆ రోజు స్నేహితుడు గణేష్ గల్ఫ్ పని కోసం ఇంటర్వ్యూకు జగిత్యాల పోయాడు. గణేష్ పనిచేసే షెడ్డులో బయటివాళ్లను మగ్గం ముట్టనివ్వరు. ముట్టనిచ్చినవాణ్ని పనిలోంచి తీసేస్తారు. ఆ మధ్యాహ్నం యజమాని ఊళ్లో లేడు. సంతోష్ ఇంటికి తాళం వేసి, పొద్దు గూకేదాకా గణేష్ మగ్గాలు నడిపాడు. గల్ఫ్ పని కుదరలేదు. గణేష్‌కు ఆ మగ్గాలే దిక్కయ్యాయి.

"వాని పని పోవద్దని ఇంట్ల పండుకున్న అని చెప్పిన. తర్వాత నీకు చెప్దామనుకుంటె నువ్వు చెప్పనియ్యక పోతివి."

"నువ్వు ఆడ నడిపినట్టు ఎట్ల తెలుస్తది?"

"ముడి ఉంటది గద."

నాకు అర్థం కాలేదు. వాడు నన్ను రెండు వీధుల అవతల గణేష్ షెడ్డుకు తీసుకుపోయాడు. గణేష్ సన్నగా, నెత్తి నిండా దూదిపీచుతో ఉన్నాడు. ఆర్డరు ఆగిపోవడంతో నెలల నాటి గుడ్డ గోడ పక్కన థాన్లుగా పేర్చి ఉంది. ఈ వారమే టెంపో వచ్చి ఎత్తుకుపోతుందన్నారు. గణేష్ ఇటూ అటూ చూసి అడుగునుంచి ఒక థాను లాగాడు. దానికి కట్టిన చీటీ మీద దొంగతనం జరిగిన రోజు తేదీ ఉంది. సంతోష్ గుడ్డ అంచు వెంట వేలు పోనిచ్చి ఒకచోట ఆపాడు. చిన్న పచ్చ దారం ముడి. కొన్ని మీటర్ల తర్వాత ఇంకొకటి.

"ఒకని మగ్గం ఇంకొకడు నడిపితే ఏడ పట్టుకున్నడో, ఏడ ఇడిశిండో గిట్ల ముడేస్తడు. నడుమల పోగు తప్పితే ఎవని చేతిల తప్పిందో తెల్వాలె గద. పచ్చది నాది."

పాతికేళ్లుగా లైనింగు గుడ్డల అంచున ఇలాంటి ముడులు చూస్తున్నాను. చెత్త దారమనుకుని కత్తిరించి పారేశాను. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"మేడం దగ్గరికి పోదాం, నువ్వు గూడ రా," అన్నాను గణేష్‌తో.

అతను థాను మా ముందే కింద పెట్టాడు. "అన్నా, ఇది తీస్కపోండ్రి, నేను అడ్డం చెప్ప. నన్ను మాత్రం పిలువకుండ్రి. పని వోతది." మగ్గాల దగ్గరికి వెళ్లిపోయాడు.

యజమానికి తెలియకుండా తీసుకుపోతే అదింకో దొంగతనమవుతుందని మేం గుడ్డ తీసుకోలేదు. ఫోటోలు తీసుకుని బయలుదేరాం. శ్రావణి మేడం ఆఫీసు మెట్లెక్కేసరికి నాలుగు ముప్పై అయిదు. ఆవిడ అప్పటికే ఫైళ్లు సర్దుతున్నారు. సంతోష్ జరిగింది చెప్పాడు. తర్వాత, పుస్తకం చదివి వాడి నోరు మూయించిన తప్పు నాదని నేను చెప్పాను.

"ఎనిమిది నెలల సంది ఇంట్ల పన్న, ఇంట్ల పన్న అని ఒకటే పాట! ఎవరు నేర్పిండ్రా అనుకున్న. ఏ పుస్తకం అన్నా అది?"

సంచిలోంచి తీసి ఇచ్చాను. నేను పెన్సిలుతో గీతలు కొట్టిన పేజీ ఆవిడ చదివారు.

"ఇందుల ఉన్నదంత కరెక్టే. మాట్లాడకుండ ఉండే హక్కు పోలీసుల ముందట, కోర్టు ముందట. నా ముందట కాదు. నాకు చెప్పింది నేను బయట చెప్పొద్దని గూడ చట్టమే ఉన్నది. అవతలి పేజీల్నే ఉన్నది, చూస్కో. గీతలు కొట్టుడు ఈడ ఆపినవ్."

చూశాను. నిజమే.

ఫోటోలు చూసి ఆవిడ తల అడ్డంగా ఊపారు. "దారం ఎవరైన కడ్తరు. ఆ మనిషి అచ్చి కోర్టుల చెప్తెనే ఇది నిలవడ్తది. లేకుంటె రేపు ఈ ముచ్చట నేను ఎత్తనే ఎత్త."

సంతోష్ వెంటనే, "వాడు రాడు మేడం. రావద్దు గూడ," అన్నాడు. ఆవిడ బ్యాగు భుజానికి తగిలించుకున్నారు. అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. గణేష్. నెత్తి మీద దూదిపీచు అలాగే ఉంది.

"మగ్గాలు ఎవనికి అప్పజెప్పి అచ్చినవ్‌రా?" అన్నాడు సంతోష్.

"బంద్ చేసి అచ్చిన. మల్ల ఎవనికో అప్పజెప్పి ఇంకో కేసు తెమ్మంటవా?"

మేడం బ్యాగు కింద పెట్టి కుర్చీలో కూర్చున్నారు. అయిదింటి బస్సు వెళ్లిపోయింది.

ఆ రాత్రి సంతోష్ ఇంట్లో బస. మర్నాడు కోర్టులో మా కేసు పిలిచేసరికి పన్నెండు దాటింది. నిజం కోర్టులో ఎవరూ గొంతు పెంచరు, ఫ్యాను చప్పుడే ఎక్కువ. మేడం వాచ్‌మన్‌ను ఎక్కువగా ఏమీ అడగలేదు. ఎంత దూరంనుంచి చూశావు, ముఖం చూశావా వీపు చూశావా, అంతే. వీపు చూశానన్నాడు. భుజాన ఉన్న పెట్టె తలను కప్పేసిందని కూడా తనే అన్నాడు. "అదే సమయానికి ముద్దాయి వేరే షెడ్డులో మగ్గాలు నడుపుతున్నాడు, మీరు చూసింది వేరే మనిషిని," అని మేడం అన్నారు. వాచ్‌మన్ తెలియదన్నాడు. ఆ థాను కోర్టుకు తెప్పించమని మేడం కాగితం పెట్టారు. గణేష్ సాక్ష్యం తర్వాతి వాయిదాకు, మూడు వారాల తర్వాత.

పొద్దున్నే గణేష్ తన యజమానికి అంతా చెప్పేశాడట. ఏమన్నాడని అడిగాను.

"ఏం అనలె అన్నా. గా థాను పక్కకు తీసి వెట్టమన్నడు, పోయిండు. అదే భయమైతున్నది."

రెండు ముప్పైకి సిరిసిల్లలో బస్సెక్కాను. వేములవాడలో మారి అయిదు దాటాక జగిత్యాల చేరాను. థియేటరు ముందు ఆ సినిమా బోర్డు ఇంకా ఉంది. ఆరింటి ఆటకు టైముంది. అప్పుడే మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఇడిశిపెట్టిండ్రా తమ్మున్ని?"

"ఇంకో వాయిదా ఉన్నది. జర మంచిగనే అయ్యింది."

"సిన్మ చూస్తివా మరి?"

"సగమే చూసిన."

రెండో సగం చూడాలనిపించలేదు. అందులో వకీలును మోసం చేసింది ముద్దాయి. మా కేసులో వకీలుకు అడ్డం పడింది చదువుకున్న బావ. ఇక మీదట ఆ దారిలో కోర్టుకు పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: ముందు వకీలు మెట్లెక్కండి, సినిమాలూ పుస్తకాలూ తర్వాత.

కోరుట్ల బస్సులో మళ్లీ నిలబడే ప్రయాణం. సంచిలోంచి లైనింగు గుడ్డ తీసి, నిలబడ్డచోటే దాని అంచు వెంట వేలు పోనిచ్చాను. మూడో మీటరు దగ్గర వేలికి తగిలింది, ఎర్ర దారం ముడి. ఎవరో ఇంకెవరి మగ్గమో పట్టుకున్న చోటు. విడిచిన చోటు కోసం చివరిదాకా వెతికాను. కనపడలేదు. అది ఇంకెవరి దుకాణానికో పోయిన ముక్కలో ఉండి ఉంటుంది.