చీపురుపుల్లకు చుట్టిన గొట్టం

నారాయణఖేడ్ బస్టాండు ముందర నాతో కూర్చొని చాయ్ తాగే నా ఈడు వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు: పట్నం డాక్టర్లు చెప్పకముందే నా మనవరాలికి వచ్చిన ఆపదేమిటో కనిపెట్టి, దాని ప్రాణం కాపాడినవాణ్ణి నేనే. ఆ రోజు పిల్లను ఎత్తుకొని కదులుతున్న బస్సెక్కుతుంటే తలుపు రేకు కోసిన మచ్చ ఇప్పటికీ నా మణికట్టు మీద ఉంది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చొక్కా చెయ్యి మడిచి చూపిస్తుంటాను.

నిన్న పొద్దున ఆ మనవరాలు కాలేజీకి జడ వేసుకుంటుంటే, రెండు చెవుల వెనకా రెండు గాట్లు కనిపించాయి. రోజూ చూసేవే. కానీ అది కుడి గాటు మీద వేలు పెట్టి, "తాతా, గొట్టం ఎడమదిక్కున్నది గద, మరి గీ దిక్కుది ఎందుకు తీసేసిండ్రు? నువ్వే గద కనిపెట్టింది" అనేసరికి చాయ్ దగ్గర చెప్పే కథ దాని కళ్లలోకి చూస్తూ చెప్పలేకపోయాను. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పుట్టిన రెండు నెలలకే దాని ఒళ్లు పెరగక తల ఒక్కటే పెరగసాగింది. తలలో నీరు చేరిందని పట్నంలో పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేసి, కుడి చెవి వెనక నుంచి చర్మం కిందుగా ఒక సన్నటి గొట్టం పొట్టలోకి దింపారు. ఎక్కువైన నీరు దాని గుండా దిగి పొట్టలో ఇంకిపోతుందన్నారు. ముందురోజు డాక్టరమ్మ అలాంటి గొట్టమే తెచ్చి చూపిస్తే మా కోడలు వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసింది. నేనప్పుడు వరండాలో ఎవరికో, కంగ్టి రూటులో కండక్టరుగా చూసిన వింతలు చెబుతున్నాను.

ఎనిమిది నెలలు గడిచాయి. పిల్ల పాకుతోంది, జొన్నరొట్టె ముక్క చప్పరిస్తోంది. ఒకనాటి పొద్దున పిల్లకు నీళ్లు పోస్తూ మా ఇంటావిడ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పరుగెత్తి చూస్తే, పిల్ల మలద్వారం నుంచి జానెడు పొడవున తెల్లటి దారంలాంటిది వేలాడుతోంది. జ్వరం లేదు, ఏడుపు లేదు. పిల్ల నీళ్లు కొడుతూ నవ్వుతోంది.

కానీ ఆ తెల్లటి దారం నాకు తెలిసినదే అనిపించింది. మా చిన్నతనంలో దిగుడుబావి నీళ్లు తాగిన వాళ్లెవరినీ నారి పురుగు వదల్లేదు. నీళ్లతో ఒంట్లో చేరి, ఏడాదికి కాలి పుండులోంచి తెల్లగా బయటికి వచ్చేది. తెగితే కాలు కుళ్లేది కనుక అమ్మ దాని కొసను చీపురుపుల్లకు చుట్టి, రోజుకొక చుట్టు చొప్పున, ఊపిరి బిగబట్టి, నా కాల్లోంచి ఇరవై రోజులకు మొత్తం తీసింది. ఆ ఓపిక గుర్తున్న నాకు ఇంకేం తోస్తుంది? పురుగేనన్నాను. చీపురుపుల్ల తెచ్చాను. పిల్లను ఒళ్లో బోర్లా వేసుకొని, అమ్మలాగే నెమ్మదిగా, ఒకే ఒక్క చుట్టు చుట్టాను.

పొలం నుంచి కందికట్టెలతో వచ్చిన కోడలు మోపు అక్కడే పడేసింది. "మామా, చెయ్యి తియ్! గది పురుగు గాదు, పిల్ల తలకాయల గొట్టం! సూడు, కొస నుంచి నీళ్లు కారుతున్నయ్!"

చూశాను. పిల్ల తలలోని నీరు నా మోకాలి మీద బొట్లు బొట్లుగా పడుతోంది.

కోడలు కొసకు శుభ్రమైన బట్ట చుట్టి పిల్లను ఎత్తుకుంది. బస్సు ఆపింది కూడా ఆమే. నేను వెనక నడిచాను. గొట్టం కొస పేగును మెల్లగా ఒరుసుకొని లోపలికి చొచ్చుకుపోయిందనీ, చాలా అరుదుగా ఇలా జరుగుతుందనీ, లాగితే పేగు చిరగవచ్చనీ, మురికి తలదాకా పాకితే పిల్ల దక్కదనీ డాక్టరమ్మ చెప్పింది. ఎవరైనా లాగారా అని అడిగితే నేను గోడ వైపు చూశాను. "కొంచెం గుంజినం" అంది కోడలు, నా పేరెత్తకుండా. ఆ గొట్టం తీసేసి, తలలోకి పాకిన చీముకు మందులిచ్చి, వారాల తరువాత ఎడమ వైపు కొత్తది వేశారు. అన్ని వారాలూ నేను నా కుడి చేతితో అన్నం తినలేకపోయాను.

ఇప్పుడు దిగుడుబావులు పూడిపోయాయి, నారి పురుగు పేరు చెబితే పిల్లలు నవ్వుతారు. అమ్మ చేతి నేర్పు ఒక్కటే నా వేళ్లలో మిగిలింది. నన్ను బతికించిన ఆ నేర్పే నా మనవరాలిని చంపబోయింది.

ఇంతవరకు రాసి మనవరాలితో మా ఇంటావిడకు చదివించాను. ఆమె కందులు చెరగడం ఆపి అంది: "ఒక్కటి గాదు, రెండు చుట్లు చుట్టినవ్. మూడోది చుట్టబోతుంటే కోడలు నీ చెయ్యి కొరికింది. గా మచ్చ బస్సుది గాదయ్యా, దాని పండ్లది. గది గూడ రాయి."