చెల్లెలికి దేశం చూపించబోయి

మా చెల్లెలు సుజాత ఇంగ్లండ్‌లో నర్సు. చాలా ఏళ్ళుగా అక్కడ ఉత్తరాన ఒక మోస్తరు పట్నంలో భర్త రఘుతోనూ కూతురితోనూ ఉంటోంది. పోయిన చలికాలంలో ఒక ఉదయం డ్యూటీకి బయలుదేరి చూస్తే వాళ్ళ గరాజ్ తలుపు మీద ఎర్ర పెయింటుతో "వెళ్ళిపోండి" అని రాసి ఉంది. నాకు ఫోన్ చేసినప్పుడు ఏడవలేదు. "అక్కా, మీ దేశంలో నర్సు ఉద్యోగాలు ఉన్నాయా?" అని మాత్రం అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. దాంతోపాటు, దాచుకోవడం ఎందుకు, లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది. దాన్ని న్యూజిలాండ్ రమ్మని నేను పోరుతూనే ఉన్నాను, అది ఏదో ఒకటి చెప్పి వాయిదా వేస్తూనే ఉంది. "ఇక్కడ అలాంటివేం లేవే. కళ్ళు మూసుకుని వచ్చెయ్" అని గొప్పలు పోయాను. ఇన్వర్‌కార్గిల్‌లో అది దరఖాస్తు పెట్టిన ఒక ఆసుపత్రి వాళ్ళు ఇంటర్వ్యూకు పిలిచారు. వీడియోలో మాట్లాడితే చాలన్నారు గానీ, ఊరు చూడందే ఒప్పుకోనని సుజాత పట్టుబట్టి, సెలవు పెట్టి ఒక్కతే వచ్చింది.

ఇన్వర్‌కార్గిల్ దేశానికి దక్షిణపు కొస. ఉత్తరాన మేముండే ఆక్లండ్ నుంచి విమానంలో రెండు గంటల పని. కానీ పైనుంచి మేఘాలు చూపిస్తే దానికి దేశం మీద మనసు ఎలా పడుతుంది? అందుకని క్రైస్ట్‌చర్చ్ దాకా విమానం, అక్కణ్ణుంచి బస్సు, తిరుగు ప్రయాణం నేరుగా విమానం అని ఏర్పాటు చేశాను. ఆ దారిన వెళ్ళాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని వివరాలు రాస్తున్నాను.

ఆక్లండ్ శివార్లలో మా ఇల్లున్న ఆల్బనీ నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు బస్‌వే బస్సు ఎక్కి సిటీలో దిగి, అక్కడ ఎయిర్‌పోర్ట్ బస్సు మారాం. దిగే ప్రతివాళ్ళూ డ్రైవర్‌కు థాంక్యూ చెప్పి దిగుతుంటే సుజాత ఆశ్చర్యపోయింది. "అందరూ చెప్తారా?" అంది. "అందరూనే" అన్నాను, ఆ మర్యాదేదో నేనే నేర్పినట్టు. సాయంత్రానికి క్రైస్ట్‌చర్చ్ చేరి, బస్టాండ్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఒక మోటెల్‌లో దిగాం. గదిలో చిన్న వంట గట్టు ఉంటుంది కాబట్టి అన్నం వండి పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకున్నాం. బస్సులో వేడి వేడి తిండి తిననివ్వరు. చల్లారిన పులిహోరకు ఎవరి అభ్యంతరమూ లేదు.

పొద్దున ఎనిమిదింటికి బస్సు. టికెట్లు ముందుగా కొంటే బాగా చవక. దక్షిణానికి వెళ్ళేటప్పుడు ఎడమ పక్క సీట్లు తీసుకోండి, సముద్రం అటే వస్తుంది. మొదటి రెండు గంటలూ చదునైన మైదానాలు, గొర్రెలు, ఆవులు, దూరంగా మంచు కొండలు. సుజాత అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ కూర్చుంది. నాకు పెళ్ళిచూపుల్లో పిల్ల తరఫు మనిషిలా ఆత్రంగా ఉంది.

టిమారూలో ఒక పెద్దాయన ఎక్కి మాకు అవతలి వరసలో కూర్చున్నాడు. సుజాత పెట్టెను పైకెత్తి సరిగ్గా సర్దిపెట్టాడు. అది థాంక్స్ చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఆ యాస మా వైపుదే!" అన్నాడు. పేరు గ్రాహం. సుజాత ఉండే పట్నానికి దగ్గర ఊరివాడే. రిటైరయ్యాక భార్యతో కలిసి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడట. వాళ్ళిద్దరూ అక్కడి బజారు గురించీ, ఎప్పుడూ కురిసే వాన గురించీ ముచ్చట్లు పెట్టుకున్నారు. తన సంచిలోంచి అల్లం బిస్కెట్లు తీసి ఇచ్చాడు.

పన్నెండింటి ప్రాంతంలో ఓమరూలో భోజనానికి ఆపారు. తెల్లరాతి పాత భవనాలు చాలా అందంగా ఉంటాయి, కాసేపు నడవండి. మేం బెంచీ మీద కూర్చుని పులిహోర తింటూ గ్రాహంకు కూడా పెట్టాం. వేరుశనగపప్పులు ఏరుకుని మరీ తిని, ఇంకాస్త పెట్టించుకున్నాడు.

బస్సు కదిలాక ఊరి బయట ఒక పొలం కంచె మీద పెద్ద బోర్డు కనిపించింది. "మన దేశం మనకే" అని అక్షరాలు, కింద ఓటు ఎవరికి వేయాలో. ఆ దారిన నేను అంతకుముందు రెండుసార్లు వెళ్ళాను, అప్పుడు లేదు. సుజాత చూడకుండా ఉంటే బాగుండనుకున్నాను. చూసింది. గ్రాహం కూడా చూసి తల ఊపాడు.

"ఎవరో ఒకరు అనాలి కదా. ఇంగ్లండ్ నిండిపోయింది, అందుకే నేను వచ్చేశాను. ఇక్కడా అలాగే అవుతోంది" అన్నాడు.

"మీరూ వలస వచ్చినవారే కదండీ?" అని సుజాత నెమ్మదిగానే అడిగింది.

"నేనా? నేను ఇల్లు మారానంతే." ఆ మాటలో వెటకారం లేదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు. "మీ గురించి కాదు అమ్మా నేననేది. మీరు కష్టపడే మనుషులు. మిగతావాళ్ళ గురించి."

"మా గరాజ్ తలుపు మీద రాసినవాడు ఆ తేడా అడగలేదండీ" అని సుజాత జరిగిందంతా చెప్పింది.

ఆయన బిస్కెట్ల పొట్లం మడిచి సంచిలో పెట్టాడు. తర్వాత, "చాలా ఘోరం" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ వెంటనే, "అందుకే చెప్తున్నాను. ఎక్కువమంది వస్తే జరిగేది ఇదే" అని ముగించాడు.

మా పులిహోర తిన్న నోటితోనే ఆ మాట అన్నాడు. తిట్టేవాణ్ణి తిట్టి పోవచ్చు. పెట్టె ఎత్తి సాయం చేసి, బిస్కెట్లు పెట్టి, తలుపు మీద రాతకు ఆ తలుపు గలవాళ్ళదే తప్పని తేల్చే మంచిమనిషిని ఏం చేయాలి? ఈ నేల మీద మొదటినుంచీ ఉన్న మావోరీలు ఆ బోర్డు రాశారంటే అర్థముంది. వాళ్ళు రాయలేదు. పడవల్లో వచ్చినవాళ్ళ మునిమనవలు రాస్తే, మొన్న మొన్న విమానం దిగినాయన తల ఊపుతున్నాడు. నేను ఇదంతా అనబోతుంటే సుజాత నా చెయ్యి గట్టిగా నొక్కింది. డునెడిన్‌లో దిగుతూ గ్రాహం మాకు శుభం పలికి, డ్రైవర్‌కు థాంక్యూ చెప్పి వెళ్ళాడు.

"ఒక్కడి మాటకు దేశాన్ని అనకే" అన్నాను.

"నేనేమీ అనలేదుగా" అంది సుజాత.

డునెడిన్‌లో బస్సు మారి, గోర్ మీదుగా ఇన్వర్‌కార్గిల్ చేరేసరికి ఆరున్నర. శరత్కాలం చివర కదా, అప్పటికే చీకటి పడి, గాలి ముఖాన కొడుతోంది. స్వెటరు మీద గాలి ఆగే కోటు లేకుండా ఆ ఊరు వెళ్ళకండి. మమ్మల్ని తీసుకెళ్ళడానికి శ్రీకాంత్ వచ్చాడు. నల్గొండ కుర్రాడు. అక్కడి పాలిటెక్నిక్‌లో చదువుకుని, ఇప్పుడు ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తూ రెసిడెన్సీ కూడా తెచ్చుకున్నాడు. మా ఆఫీసులో పనిచేసే వాళ్ళ అన్న ద్వారా పరిచయం. హోటల్ అంటే ఊరుకోలేదు.

"మనోళ్ళు ఈడిదాంక వచ్చుడే తక్కువ అక్కా. వచ్చినంక హోటల్ల ఉంటరా? మౌనిక ఊకుంటదా?" అన్నాడు.

మౌనిక అతని భార్య. కడుపుతో ఉంది. వద్దన్నా వినకుండా కోడికూర, జొన్నరొట్టెలు చేసింది. ముందు గదిలో హీటర్ దగ్గర కూర్చుని తింటుంటే వీధి తలుపు నాకు ఎదురుగా ఉంది. ఆ తలుపు పైన గుడ్డతో కుట్టిన మామిడాకుల తోరణం, మధ్య మధ్య పసుపుపచ్చ బంతిపూలు. చక్కగా ఉంది. కానీ లోపలివైపు ఉంది. గుమ్మానికి తోరణం వచ్చేవాళ్ళకు కనిపించేలా బయట కడతాం గానీ, ఇంట్లో కూర్చున్నవాళ్ళ కోసం ఎవరు కడతారు?

"గాలికి ఊడిపోతుందని లోపల కట్టారా?" అని నవ్వుతూ అడిగాను. ఆ ఊరి గాలి చూశాక నాకు అదే తోచింది మరి.

మౌనిక శ్రీకాంత్ వైపు చూసింది. అతను రొట్టె తుంచుతూ తల దించుకున్నాడు. జవాబు సుజాత చెప్పింది.

"గాలికి కాదక్కా. మా ఇంట్లోనూ ఇప్పుడు లోపలే ఉంది."

అప్పుడు మౌనిక చెప్పింది. "మొదాలు బయటనే కట్టినం. ఒకనాడు పొద్దుగాల లేచి చూస్తే తోరణం లేదు. చెత్త డబ్బాల ఉన్నది. మంచిగ కత్తెరతోని కోసి, డబ్బాల ఏసి, మూత గూడ పెట్టి పోయిన్రు. గాలికి పడ్డదైతే మూత ఎవలు పెడ్తరు? మళ్ళ కట్టిన. మళ్ళ అట్లనే చేసిన్రు."

"పోలీసులకు చెప్పలేదా?"

"చెప్పినం. మంచిగనే మాట్లాడిన్రు, రాసుకున్నరు. ఎవలో తెల్వకపాయె. పక్కింటి ముసలమ్మ పాపం కేక్ జేసి తెచ్చిచ్చింది" అన్నాడు శ్రీకాంత్. "ఇంగ లొల్లి ఎందుకని లోపల కట్టుకున్నం. ఇంట్ల ఆడామె ఒక్కతే ఉంటది గద అక్కా, నేను డ్యూటీకి పోతే."

కిటికీ పగలగొట్టి లోపలికొస్తే దొంగతనం అంటారు. మనిషిని కొడితే నేరం అంటారు. గుడ్డ ఆకుల్ని కత్తిరించి చెత్తలో వేసి మూత పెడితే దానికి ఏ పేరూ లేదు, పత్రికలో వార్త కూడా రాదు. టీవీలో టై కట్టుకున్న నాయకులు వలసల సంఖ్య గురించి, ఇళ్ళ కొరత గురించి చిరునవ్వుతో మాట్లాడతారు. ఆ మాటలు విన్నవాడెవడో పొద్దున్నే కత్తెర పట్టుకుని వచ్చి ఒక గర్భిణి గుమ్మం ముందు నిలబడతాడు. నేను రొట్టె పక్కన పెట్టేశాను. సుజాత మాత్రం లేచి వెళ్ళి మౌనిక పక్కన కూర్చుని, ఎన్నో నెల, బీపీ ఎంత ఉంటోంది అని అడగసాగింది.

మర్నాడు పదింటికి ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. నేను కింద కాఫీ దుకాణంలో కూర్చుని చీజ్ రోల్ తిన్నాను. ఆ ఊరివాళ్ళు బ్రెడ్డులో చీజ్ చుట్టి కాల్చి చేస్తారు, బాగుంటుంది, తప్పకుండా తినండి. సుజాత గంటన్నర తర్వాత నవ్వుతూ వచ్చింది. వార్డంతా తిప్పి చూపించారట. అక్కడి పెద్ద నర్సు, "ఎప్పుడు చేరతారో చెప్పండి, మనుషులు చాలక చచ్చిపోతున్నాం" అందట. మధ్యాహ్నానికి ఫోన్‌లో ఉద్యోగం ఖాయం చేశారు.

సాయంత్రం శ్రీకాంత్ కారులో బ్లఫ్‌కు తీసుకెళ్ళాడు. అరగంట దారి. రోడ్డు అక్కడితో అయిపోతుంది, ఆ తర్వాత సముద్రమే. ఏ నగరం ఎటువైపు ఎంత దూరమో బాణాలు వేసిన పసుపుపచ్చ స్తంభం ఉంటుంది. అందరూ దాని దగ్గర ఫోటో దిగుతారు, మేమూ దిగాం.

"రాండ్రి అక్కా. మనోళ్ళది ఇంకో ఇల్లు ఉంటే మాకు గూడ ధైర్యముంటది. డెలివరీ టైంకు మీరుంటే మౌనికకు రందే ఉండదు" అన్నాడు శ్రీకాంత్. సుజాత అతని భుజం తట్టింది, మాట ఇవ్వలేదు.

తర్వాతి రోజు మధ్యాహ్నం ఆక్లండ్ విమానం ఎక్కాం. చిన్న విమానం. కాసేపటికి కిందంతా మబ్బే. ఇక ఉండలేక అడిగాను, "ఏమని చెప్పావే వాళ్ళకి?"

"రానని చెప్పేశానక్కా. పొద్దున్నే మెయిల్ పెట్టాను."

నా గొంతు పైకి లేచింది. పక్క సీట్లోవాళ్ళు చూసినా ఆపలేదు. ఆక్లండ్ పెద్ద ఊరనీ, అక్కడ ఉద్యోగం వెతుకుదామనీ, ఎవడో కత్తెర పట్టుకుని తిరిగే వెధవ కోసం ఇంత నిర్ణయం ఏమిటనీ అరిచినంత పని చేశాను. అది అంతా విని, నన్ను చిన్నపిల్లను ఊరడించినట్టు ఊరడించింది.

"నాకు భయంగానే ఉందక్కా. ఇక్కడికొస్తే పోతుందనుకుని వచ్చాను. లోపల కట్టుకోడానికే అయితే ఇల్లమ్మి, పిల్ల బడి మాన్పించి, ఇంత దూరం ఎందుకు చెప్పు? అక్కడ మా వీధి వీధంతా నాకు తెలుసు. ఆ రోజు రఘుతో కలిసి తలుపు కడిగింది మా ఎదురింటాయన. వెళ్ళగానే బయట కడతాను."

"మళ్ళీ తీసేస్తే?"

"మళ్ళీ కడతాను. నేను నైట్ డ్యూటీలు చేసినదాన్ని. నాతో పోటీ పడి ఎవడు మేలుకుంటాడో చూస్తాను."

రెండు రోజుల తర్వాత దాన్ని లండన్ విమానం ఎక్కించి, మళ్ళీ సిటీ మీదుగా ఆల్బనీ బస్సులో ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను. ఆ దారి అందమైనది, వెళ్ళిరండి. దారిలో మాకు సాయం చేయనివాడు లేడు, మర్యాద తప్పి మాట్లాడినవాడు లేడు. అయినా ఈ ప్రయాణం తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతోంది. నేను ఇక్కడ పని చేస్తున్నాను, పన్ను కడుతున్నాను, ఓటు వేస్తున్నాను. నా చెల్లెలు నా ఊళ్ళో కాకపోయినా నా దేశంలో ఉండాలని కోరుకున్నాను. ఆ ఒక్క కోరికనూ నా చేతుల్లోంచి లాక్కున్నది ఎవరో నాకు పేరు తెలియదు, ముఖం తెలియదు. మౌనికకు కాన్పు నెల దగ్గర పడుతోంది. ఆ ఆసుపత్రి వాళ్ళు నర్సు కావాలని మళ్ళీ ప్రకటన వేశారు.