రాత్రి ఉచితం

షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉన్నన్నాళ్లూ మా ఇంటికి చలే శత్రువు. రాత్రయితే చాలు, బేస్‌మెంట్‌లో హీటర్ తెల్లవార్లూ గుర్రుపెట్టేది. ఉద్యోగం మారి డాలస్ పక్కన కాపెల్‌కి వచ్చాక తెలిసింది, ఇక్కడ కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవచ్చని. నాన్న కిరాణా కొట్లో గల్లాపెట్టె పక్కన పెరిగినవాడికి ఇంతకన్నా పండగేముంటుంది?

అన్ని కంపెనీలనీ వడపోసి, రాత్రిపూట కరెంటు పూర్తిగా ఉచితమనే ప్లాన్ పట్టాను. కొసరు! పిడికెడు పుట్నాలు కొసరు వేసే ముందు ఆ పిడికెడు నాన్న ఎక్కడ రాబట్టుకునేవాడో చిన్నప్పుడు కళ్లారా చూశాను. అయినా పడ్డాను. ఇల్లు కరెంటు తాగేది రాత్రే అని నా లెక్క. అది షికాగో చలి నేర్పిన లెక్క. టెక్సస్ ఎండ పగలు కాస్తుందన్న సంగతి నాకు జూన్‌లో తట్టింది.

"పగటి రేటు చూశారా? మండిపోతోంది," అంది మా ఆవిడ ఫోన్ నా ముక్కు ముందు పెట్టి. "బేరంలో మిమ్మల్ని మించినవాళ్లు లేరండీ."

ఆ మాట అమ్మ చెవిన పడింది. కొన్నాళ్లుండి వెళ్దామని వచ్చిన అమ్మకి బీపీ, వేడి పడదు. అయినా మేమిద్దరం ఆఫీసులకి వెళ్లగానే ఏసీ కట్టేయడం మొదలుపెట్టింది. ఒకరోజు కళ్లు తిరిగి సోఫాలో కూలబడింది. ఇల్లు చల్లగా ఉంచి తీరాలన్నాడు డాక్టర్.

ఆఫీసులో కూర్చుని ఫోన్‌లోంచి ఏసీ డెబ్బై ఆరు ఫారెన్‌హీట్‌కి దించేవాణ్ని. గోడ మీది మీట నొక్కి అమ్మ ఎనభై నాలుగు చేసేది. నేను డెబ్బై ఎనిమిది అంటే అమ్మ ఎనభై మూడు. నోరు విప్పని బేరం. మీటకి లాక్ పెడితే గరాజ్‌లో మెయినే కట్టేసింది. ఫ్రిజ్‌లో పాలు విరిగాక లాక్ తీసేశాను.

చివరికి గడువుకి ముందే వదులుకున్నందుకు జరిమానా కట్టి ప్లాన్ మార్చేశాను.

"అమ్మా, ఇప్పుడు పగలూ రాత్రీ ఒకటే రేటు. నిజం."

"ఒరేయ్, నష్టానికే ఇస్తున్నానని మీ నాన్న ఎంతమందితో అన్నాడో పక్కనే కూర్చుని విన్నదాన్ని. గొంతు కూడా ఇలాగే తియ్యగా ఉండేది. నాకా చెబుతావ్?"

జీవితంలో మొదటిసారి ధర ఉన్నదున్నట్టు చెప్పాను. కొనేవాళ్లు లేరు.

నిన్న మధ్యాహ్నం మనసాగక ఇంటికొచ్చాను. కిటికీలు మూసి, అమ్మ తడి తువ్వాలు నెత్తిన వేసుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. మొహం ఎర్రగా ఉంది.

"వచ్చావా? అయ్యో, చెమటలు పట్టాయి నీకు. ఏసీ వేసుకో నాయనా."

ఇల్లు చల్లబడ్డాక పడుకుంది. నిద్రపోయిందనుకుని బయల్దేరాను. మొదటి సిగ్నల్ దగ్గర ఫోన్ చూస్తే ఎనభై నాలుగు. దించాను. మళ్లీ ఎనభై నాలుగు. దించాను. లైటు పచ్చబడింది కాబోలు, వెనక కారువాడు హారన్ కొడుతున్నాడు.