దుప్పి కేసులో మొదటి ముద్దాయి

మొన్న గురువారం తెల్లవారుజామున గుండెనొప్పితో మా పక్కింటి మామ చనిపోయారు. అడవిలో దుప్పిని చంపారన్న కేసులో ఆయన మొదటి ముద్దాయి. రెండో ముద్దాయి ఆయన కొడుకు. ఇప్పుడు కేసు ఆ కొడుకు ఒక్కడి మీదే నిలిచింది.

మామ దూది ఏకి పరుపులు కుట్టేవారు. మతం వేరైనా మా అమ్మకు అన్న, మాకు మామ. మా ఇంట్లో కోడిని కోయాలన్నా ఆయనే రావాలి. వచ్చి ముందు దానికి నీళ్లు తాపేవారు. కత్తిని వీపు వెనక దాచుకొని, "కండ్లబడనీగాకండప్పా, దానికి శానా తెలుస్తాది" అనేవారు. మా నాయన తొందరపెడితే, "ఆకలి నీది, సావు దానిది. రోంతసేపు తాళు" అని కసిరేవారు.

నేను పత్రికలో చేరాక నా వార్తలు చదివించుకొని వినేవారు. విన్నాక ఒకటే అడిగేవారు: "ఇది నువ్వు సూసినావా, ఎవురన్నా చెప్పినారా?" ఆ ప్రశ్న నా పనిలో ఇవాళ్టికీ అక్కరకొస్తోంది.

ఈ ఎండాకాలం నీళ్లు లేక లంకమల కొండ మీది జంతువులు కిందికి దిగాయి. వాటి వెనక రేసుకుక్కలు, గుంపుగా వేటాడే అడవికుక్కలు, దిగాయి. మేకలు పోయాయి. పొద్దుగూకకముందే వీధిలో తలుపులు మూతపడేవి. ఆ రోజుల్లోనే కట్టెలకు పోయిన మామకూ కొడుక్కూ రిజర్వు అడవి అంచున ఒక దుప్పి కనబడింది. కుక్కలు వెనక తొడ తినేసి వదిలిపెట్టాయి. ఇంకా ఊపిరి ఆడుతోంది. మామ తాగడానికి తెచ్చుకున్న నీళ్లు దాని నోట్లో పోసి, బిస్మిల్లా అని కోశారు. కాళ్లు కొడుకు పట్టుకున్నాడు. జొన్నలకే కరువైన వీధిలో ఇంటింటికీ మాంసం అందింది. మా ఇంటికీ ఒక గిన్నె వచ్చింది.

మామ మిద్దె మీద ఆరేసిన తోలు చూసి అడవి గార్డు ఆగాడు.

"ఏం సాయిబూ, దుప్పి నడుచుకుంటా వచ్చి నీ కత్తి కింద పండుకొన్నెనా?"

"నడిచేదానికి కాలు యాడుండాదప్పా దానికి?" అన్నారు మామ.

చట్టం సంగతి మామ తరఫు ప్లీడరు చెప్పేదాకా మాకు తెలియదు. రిజర్వు అడవిలో చచ్చి దొరికిన జంతువు తోలు, కొమ్ములతో సహా సర్కారుది. చూసినవాడు గార్డుకు చెప్పాలి. చెప్పకుండా తెచ్చుకుంటే జరిమానాతో పోవచ్చు. ప్రాణమున్నదాన్ని కోస్తే మాత్రం అది వేట. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయ్యాక ఆఫీసర్లు వేట కేసులు వదలడం లేదట.

"మీరు చూసేసరికే చచ్చిపోయి ఉందని చెప్పండి" అన్నాడు ప్లీడరు.

"సచ్చినదాన్ని కోసి వీధికంతా పెట్టినానని చెప్పల్లనా సారూ? మా వాళ్లకది తినగూడని కూడు."

"లేకుంటే జైలు."

"జైలుకు నేనొగన్నే పోతా. నీ మాట చెప్తే తిన్నోళ్లంతా కక్కుకోవల్ల." తరువాత కొడుకు వైపు చెయ్యి చూపారు. "కోసింది నేను. ఈడు కాళ్లు పట్టుకున్న్యాడంతే. ఆ మాట జడ్జితో నేనే చెప్తా."

ఆ మాట చెప్పకముందే పోయారు. అడవి అంచున ఆ ఇద్దరే ఉన్నారు. కోసింది తండ్రేనని కొడుకు చెప్పినా అవునని చెప్పే మూడో సాక్షి లేడు.

నిన్న మూడోనాటి ఫాతిహా ప్రార్థనకు ప్లీడరు కూడా వచ్చాడు. కొడుకు పక్కన కూర్చొని మెల్లగా అన్నాడు: "మీ నాయనకిక ఏ శిక్షా లేదు. చచ్చినాకే కోశామని చెప్పు. నీకు పెళ్ళాం బిడ్డలున్నారు." చుట్టూ కూర్చున్నది ఆ మాంసం తిన్న ఇళ్లవాళ్లే. ఎవరూ తలెత్తలేదు. వాళ్లలో పెద్దాయన "నీ ఇష్టం నాయనా" అని లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఒకరి వెనక ఒకరు మిగతావాళ్లూ లేచారు.

అత్త లోపలినుంచే కొడుకుతో అంది: "ఏం చెప్పినా ఇంటికొస్తే బువ్వ పెడతా. జైలుకు పోతే యాడ పెట్టల్ల?"

అతను లేచి, అందరూ కూర్చున్న చాపలు చుట్టాడు.

విచారణ రేపు, సోమవారం పొద్దున. మొదటి బస్సుకు అతనూ నేనూ బయలుదేరతాం. తండ్రి పేరు కొట్టేశాక అతన్నే బోనులోకి పిలుస్తారు. కత్తి పెట్టినప్పుడు దుప్పికి ఊపిరి ఉందా, లేదా అని అడుగుతారు.