ఎవరి పెళ్లి సార్?

కోదాడలో మెయిన్ రోడ్డు మీద ఒక మెడికల్ షాపు పైన ఉంటుంది ఆ వీసా ఆఫీసు. నడిపే అమ్మాయి ఒకప్పుడు నా స్టూడెంటు. సూర్యాపేటలో నేను బాటనీ చెప్పే జూనియర్ కాలేజీలో రెండేళ్లు చదివింది. నేను మెట్లెక్కి లోపలికి వెళ్లేసరికి కుర్చీలోంచి లేచి నిలబడింది. గదిలో పై చదువులకు వెళ్లే పిల్లలు ముగ్గురు, వాళ్లలో ఒకరి అమ్మానాన్నలు ఉన్నారు. “మా సార్” అని వాళ్లందరికీ చెప్పి, నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టింది.

“ఇంగ్లండ్‌కా సార్? ఏం పని మీద పోతున్నరు?”

“ఒక పెళ్లి ఉందమ్మా.”

ఆ అమ్మాయి నాకు చాలా వివరంగా చెప్పింది. ఆ సంగతి ముందే ఒప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత తప్పు ఆమె మీదికి నెట్టాను.

“చుట్టాల్లాగా పోయి పెళ్లి చూసి వచ్చేటట్టయితే మామూలు విజిటర్ వీసా చాలు సార్. అక్కడికి పోయి తామే పెళ్లి చేసుకొని, ఆర్నెల్ల లోపల తిరిగొచ్చేవాళ్లకు మ్యారేజ్ విజిటర్ అని వేరే ఉంటది. పెళ్లి చేసుకొని అక్కడే ఉండిపోతమంటే అది ఇంకోటి. ఒకటి పెట్టాల్సిన కాడ ఇంకోటి పెడితే కుదరదు. ఎవరి పెళ్లి సార్?”

నాకప్పుడు నలభై తొమ్మిదేళ్లు. ఆ పెళ్లి నాదే.

అక్కడ కూర్చున్న పిల్లాడి తండ్రి నావైపే చూస్తున్నాడు. “ఒక ఫ్రెండ్‌ది” అన్నాను.

“అయితే ఈజీ సార్” అంటూ ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది.

నా భార్య పోయి అప్పటికి ఎనిమిదేళ్లు. మాకు పిల్లలు లేరు. మిర్యాలగూడలో పుట్టింట్లో ఉండగా జ్వరం కామెర్లలోకి దిగి, పది రోజుల్లో అంతా అయిపోయింది. ఆ తర్వాత ఇల్లు, కాలేజీ, మధ్యలో కర్రీ పాయింటు. అలా గడిచిపోతుండగా మా కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే మేడమ్ ఇంటి గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాల దగ్గర నా పక్కన వాళ్ల అక్క కూర్చుంది. కోదాడ మనిషి. ఇరవై ఏళ్లుగా ఇంగ్లండ్‌లో నర్సు. పెళ్లి చేసుకోలేదు, తల్లిని తన దగ్గరే పెట్టుకుని చూసుకుంటోంది. ఆ రోజు మొదలైన మాటలు ఫోన్లో ఏడాదిన్నర సాగాయి. చివరికి ఆమే అడిగింది. “మనం పెళ్లి చేసుకుందామా? మీరు ఉద్యోగం మానొద్దు, నేను అమ్మను వదలను. ఎక్కడి వాళ్లం అక్కడే ఉండి, సెలవులకు కలుద్దాం. నేను రిటైరయ్యాక సూర్యాపేట వచ్చేస్తాను.”

ఆమె తల్లికి ఒకసారి పక్షవాతం వచ్చి తగ్గింది. విమానం ఎక్కకూడదన్నారు డాక్టర్లు. కూతురి పెళ్లి కళ్లారా చూడాలని ఆ పెద్దావిడ కోరిక. అందుకే పెళ్లి అక్కడ పెట్టుకున్నాం. అక్కడ ఉండిపోవాలన్న ఆలోచన నాకు కలలో కూడా లేదు. కాబట్టి ఆ అమ్మాయి చెప్పిన మూడింటిలో రెండోది అచ్చంగా నాకోసమే ఉన్న వీసా.

అది అడగలేకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, యాభైకి దగ్గరపడ్డ లెక్చరర్ తన స్టూడెంటు ముందు, ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు, “నాకే పెళ్లి” అనడానికి నోరు రాలేదు. రెండోది ఆమె టేబుల్ మీది అద్దం కింద ఉన్న కాగితంలో కనిపించింది. మ్యారేజ్ విజిటర్‌కు కావలసిన వాటిలో, మొదటి భార్య పోయినవాళ్లు ఆమె మరణ ధ్రువపత్రం పెట్టాలని ఉంది. అది మిర్యాలగూడలో మా మామ దగ్గర ఉంది. ఈ పెళ్లి సంగతి ఆయనకు చెప్పలేదు.

ఇంటికొచ్చి ఇంగ్లండ్‌కు, ఆమెకు ఫోన్ చేసి, “ఆహ్వానం ఉత్తరంలో మన పెళ్లి మాట రాయకండి, ఏజెంటే చెప్పింది” అన్నాను. ఆమె “అలాగా?” అని, నేను చెప్పినట్టే రాసి పంపింది.

మార్చిలో వీసా వచ్చింది. ఫొటో తీసి పంపాను. ఆ సాయంత్రమే ఆమె వీడియో కాల్ చేసింది. ఒంటి మీది కోటు కూడా విప్పలేదు.

“ఇది మామూలు విజిటర్ అండీ. దీంతో మనం పెళ్లి నోటీసు కూడా ఇవ్వలేం. నేను రిజిస్టర్ ఆఫీసులో డేట్ తీసుకుని ఉన్నాను.”

“అక్కడికి వచ్చాక చూద్దాం. ఎవరు అడుగుతారు?”

“మొట్టమొదట అడిగేది అదే. ఆ ఏజెంటు నంబరివ్వండి, ఇలా ఎందుకు చేసిందో నేను కనుక్కుంటా.”

నంబరు ఇవ్వకుండా ఏవో మాట్లాడాను. ఆమెకు అర్థమైపోయింది.

“ఆ అమ్మాయికి ఏమని చెప్పారు మీరు?”

“ఫ్రెండ్ పెళ్లి అని.”

ఆమె గొంతు పెంచలేదు. “మా అమ్మ పొద్దున లేవగానే ఇంకెన్ని రోజులని అడుగుతోంది. ఇప్పుడు ఆమెకు ఏం చెప్పమంటారు? నన్ను చేసుకోవడం మీకు నామోషీ అయితే ఆ మాట నాతోనే అనాల్సింది.” నేను కాదు కాదంటుంటే ఫోన్ పెట్టేసింది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి కోదాడ వెళ్లాను. ఆఫీసులో ఎవరూ లేని సమయం చూసుకుని మెట్లెక్కాను. అప్పుడు కూడా ఎవరూ లేకుండా చూసుకున్నాను. విషయం చెప్తుంటే ఆ అమ్మాయి మొహం మారిపోయింది.

“సార్, ఆ ఫైలు నా చేతుల మీదుగా పోయింది. రేపు వీసా ఇచ్చేవాళ్లు, మీరు అబద్ధం చెప్పారని రాస్తే మీకు ఏండ్ల తరబడి వీసా రాదు. నా ఆఫీసు పేరు కూడా పోతది.”

“ఇప్పుడు ఏం చేయాలమ్మా?”

“ఉన్నదున్నట్టు రాద్దాం. ఈ వీసా వాడలేదు, మళ్లీ సరైన దానికి పెట్టుకుంటున్నానని. ఇస్తరో లేదో నేను చెప్పలేను.”

ఒక తెల్ల కాగితం నా ముందు పెట్టింది. దాని మీద మొదటి వాక్యంలో ‘పొరపాటున’ అని రాశాను. ఆమె వంగి చూసి, కాసేపు తటపటాయించి అంది. “పొరపాటు కాదు గదా సార్. సిగ్గుపడి చెప్పలేదని రాయండి. లేకపోతే ఇది ఇంకో అబద్ధం అయితది.”

ఒకప్పుడు ఆమె రికార్డు బుక్కుల్లో ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దినవాణ్ణి. తల వంచుకుని ఆ మాట కొట్టేసి మళ్లీ రాశాను.

తిరిగొచ్చేస్తానని చూపించడానికి కాలేజీ నుంచి ఉత్తరం కావాలి. సెలవు చీటీలో ‘నా వివాహం నిమిత్తం’ అని రాసి ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టాను. అప్పటిదాకా మా ఇంగ్లిష్ మేడమ్ ఒక్కరికే తెలిసిన సంగతి మధ్యాహ్నానికి స్టాఫ్ రూమంతా తెలిసిపోయింది. నవ్వుతారనుకున్నాను. ఇద్దరు నవ్వారు. మిగతావాళ్లు చేయి కలిపి, తేదీ ఎప్పుడని అడిగారు. నేనింత భయపడింది దీనికా అనిపించింది.

ఇక మిర్యాలగూడ మిగిలింది. సరిగ్గా అక్కడ మళ్లీ అదే పని చేశాను.

మామ దగ్గరకు వెళ్లకుండా, మునిసిపల్ ఆఫీసులో కాపీ తీసుకుని వచ్చేద్దామనుకున్నాను. ఆ ఆఫీసుకు వాళ్లిల్లు నడిచి వెళ్లేంత దూరం. అక్కడి గుమస్తా కంప్యూటర్లో వెతికి, “పేరు తప్పు పడ్డది సార్. మీ పెండ్లి సర్టిఫికెట్‌ల ఒక తీరుంది, గిండ్ల ఒక తీరుంది. అప్పుడు రాయించినాయన వచ్చి సంతకం పెడ్తే సరిచేస్తం” అన్నాడు. రాయించినాయన మా మామే. నేను ఏదో చెప్పేలోపే అతను ఫోన్ తీశాడు. రైస్ మిల్లులో లెక్కలు రాసి రిటైరైన మా మామ ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి. “మీ అల్లుడు గీడనే ఉన్నడు, జర వస్తరా?” అన్నాడు.

పావుగంటలో ఆయన గొడుగేసుకుని నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు.

“ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? ఇంటికి రాకుండ గిట్లనే వచ్చినవేంది?”

“పని అయినంక వద్దామనుకున్న మామా.”

“ఎందుకు గా కాగితం?”

అడగడంలో అనుమానం లేదు. ఊరికే అడిగాడు. నేను ఆయన గొడుగు వైపు చూస్తూ, “ఇన్సూరెన్స్‌ది ఏదో పాతది ఉండె” అన్నాను.

“గట్లనా” అని, కళ్లజోడు పెట్టుకుని, గుమస్తా చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. కూతురి పేరు పక్కన ‘తండ్రి’ అని రాసేటప్పుడు పెన్ను కాసేపు ఆగింది. తర్వాత నన్ను ఇంటికి తీసుకెళ్లాడు.

అత్తమ్మ అప్పటికప్పుడు అన్నం వండి, పచ్చిపులుసు చేసింది. నేను తింటుండగా లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో నా భార్య టెన్త్ మెమో, డిగ్రీ సర్టిఫికెట్లు, వాటి అడుగున మరణ ధ్రువపత్రం అసలుది. “ఇది గుడ పెట్టుకో, మళ్ల అడుగుతరేమో” అంది. తర్వాత నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేస్తూ అంది. “ఆమె పేరు మీద ఏమన్నొస్తే నువ్వే ఉంచుకో బిడ్డా. ఒక్కనివే ఉంటున్నవ్. మాకేం అక్కర లేదు.”

కంచం పక్కకు జరిపాను. “ఇన్సూరెన్స్ లేదు అత్తమ్మా. నేను పెండ్లి చేసుకుంటున్న. దానికి కావాల్నంట ఈ కాగితం” అన్నాను.

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. మామ తలుపు పక్క కుర్చీలో ఉన్నాడు. ముందు అత్తమ్మే అడిగింది.

“ఏం చేస్తదామె?”

“నర్సు.”

“మా బిడ్డ సంగతి తెలుసా ఆమెకు?”

“తెలుసు. అంతా చెప్పిన.”

“ఆమెకు చెప్పినవ్” అన్నాడు మామ. “మాకు చెప్పలే. పెండ్లి చేసుకుంట అంటే నేను వద్దంటనా? ఈమె ఎన్నిసార్లు అన్నది, అల్లునికి తోడెవరన్న దొరికితే మంచిగుండు అని. గని నా బిడ్డ సావు కాగితానికొచ్చి, నా మొఖం మీదనే అబద్ధమాడితివి. ఆఫీసుల అందరి ముంగట సంతకం పెట్టించుకుంటివి.”

“తప్పయింది మామా.”

“సంతకం పెట్టిన గదా. తీస్కపో.”

ఆయన లేచి పెరట్లోకి వెళ్లాడు. నేను బయల్దేరేదాకా తిరిగి రాలేదు. అత్తమ్మ గేటు దాకా వచ్చి, ఆ కవరు నా చేతిలో పెట్టింది. బస్సులో సూర్యాపేట దాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాను. సంచిలో పెట్టడానికి కూడా చేతులు రాలేదు.

ఈసారి మా పెళ్లి అని రాసి ఆమె మళ్లీ పంపిన ఆహ్వానంతో సహా అన్ని కాగితాలతో హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలు ఇచ్చి వచ్చాను. జవాబు కోసం చూస్తుండగా ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో ఆమె తల్లికి రెండోసారి పక్షవాతం వచ్చింది. ప్రాణం నిలిచింది గానీ మాట పడిపోయింది. ఆ సంగతి నాకు ఆమె చెల్లెలు, మా మేడమ్, కాలేజీలో చెప్పింది. నేను ఫోన్ చేస్తే, “ఇప్పుడు మాట్లాడలేనండీ” అంది ఆమె. వారం రోజులు నేనూ చేయలేదు.

మేలో వీసా వచ్చింది. నేను రాసిన ఉత్తరం ఎవరు చదివారో, ఏమనుకున్నారో తెలియదు. కోదాడ నుంచి ఆ అమ్మాయి ఫోన్ చేసి, “వచ్చింది సార్, మీ పెళ్లికి” అంది. ‘మీ’ అన్న మాట కొంచెం గట్టిగానే పలికింది. ఇద్దరం నవ్వలేదు.

ఇంగ్లండ్‌లో విమానం దిగాక కౌంటర్లో అడిగారు, ఎందుకొచ్చావని. “నా పెళ్లికి. ఆ తర్వాత మా ఊరికి వెళ్లిపోతాను, కాలేజీ ఉంది” అన్నాను. అంతే, ముద్ర వేసి ఇచ్చేశారు. మా ఇద్దరి పేర్లతో నోటీసు ఇచ్చి, నెల రోజులు ఆగాం. ఆ నెలంతా ఆమె నాతో మర్యాదగా ఉంది. టీ పెట్టి ఇచ్చేది, పార్కుకు తీసుకెళ్లేది. ఒకరోజు తల్లికి జావ తాగిస్తూ, నావైపు చూడకుండానే అడిగింది.

“ఇప్పుడైనా ఇష్టపడే చేసుకుంటున్నారా?”

“ఇష్టం లేక కాదు ఆ రోజు. ధైర్యం లేక.”

“ఆ రెంటికీ తేడా నాకు బయట నుంచి ఎలా తెలుస్తుంది?” అని, తల్లి మూతి తుడిచింది.

పెళ్లి ఒక చిన్న గదిలో అరగంటలో అయిపోయింది. రిజిస్ట్రారు నా వివరాల్లో భార్య చనిపోయిన వ్యక్తి అని చదివి, నిజమేనా అని అడిగాడు. అవునన్నాను. తర్వాత పంతులు లేకుండానే తాళి కట్టాను. ఆమె తల్లి చక్రాల కుర్చీలో, కొత్త చీరలో కూర్చుని ఉంది. ఆమె కుడిచేయి లేవడం లేదు. కూతురు ఆ చేతిలో అక్షింతలు పోసి, తనే పట్టుకుని మా మీద వేయించింది. సగం కిందనే పడ్డాయి. పెద్దావిడ నోరు కదిలించి ఏదో చెప్పబోయింది, మాట రాలేదు. మార్చిలో ఆమె ఫోన్లో నాతో, “నాయనా, మీకిద్దరికీ నేను చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, వచ్చాక చెప్తా” అని ఉంది. అవేంటో ఇక తెలియవు. నా అబద్ధం వల్లే పెళ్లి ఆలస్యమైందన్న మాట, ఇప్పుడు నా భార్య అయిన ఆమె, నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే కొంత బాగుండేది.

జూలైలో తిరిగొచ్చి క్లాసుల్లో చేరాను. ఆమె సెలవులకు వస్తుంది, నేను వేసవికి వెళ్తాను. మా ఇద్దరి మధ్య మెల్లమెల్లగా మునుపటి మాటలు మళ్లీ వచ్చాయి.

అత్తమ్మ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. మామ మాట్లాడడు. పోయిన నెల ఆయనకు సూర్యాపేటలో కంటి ఆపరేషన్ అయింది. ఎప్పుడు దవాఖాన పని పడ్డా మా ఇంట్లో దిగేవాళ్లు, ఈసారి లాడ్జిలో దిగారు. అత్తమ్మ చెప్తే వెళ్లాను. ఆమెకు చేయి వణుకుతుంది, అందుకని కంట్లో మందు చుక్కలు నన్ను వేయమంది. ఆయన వద్దనలేదు. తల పైకెత్తి పెట్టి, “సూసి ఎయ్యి, బయట పడ్తున్నయి” అన్నాడు. నాలుగు రోజులు పొద్దున, సాయంత్రం వెళ్లి వేసి వచ్చాను. ఐదో రోజు వెళ్లేసరికి గది ఖాళీ చేసి మిర్యాలగూడ బస్సెక్కేశారని లాడ్జివాళ్లు చెప్పారు.