త్రినాథరావు సొంత గొంతు

ఫిల్మ్‌నగర్‌లో ఉద్యోగం అని తెలిసిన పాపానికి, రహమత్ నగర్ గల్లీలో కుసుమకుమారిని ఆపి హీరోల ముచ్చట్లు అడగనివాళ్లు లేరు. "ఈ నెల ఎవర్ని చూసినవక్కా?" అంటారు. ఆమె ఎవర్ని చూస్తుంది పాపం! ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకోవలసిన చల్లటి గది, అందులో పొద్దస్తమానం రొదపెట్టే సర్వర్, దాని నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. డబ్బింగ్ స్టూడియోలో ఆర్టిస్టులు చెప్పే ప్రతి మాటా ఆ సర్వర్‌లోకి చేరుతుంది. వాటిని పదిలంగా ఉంచడం, మెషీన్ మొరాయిస్తే కారణం వెతికి దారికి తేవడం, రోజూ అన్నిటికీ ఒక కాపీ తీసి పక్క గదిలోని బ్యాకప్ డబ్బాలో దాచడం ఆమె పని. ఇదంతా గల్లీలో ఎవరికి చెప్పాలి? "కంప్యూటర్ల పని" అనేసి కూరగాయల సంచి పట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయేది.

హనుమకొండలో ఎంసీఏ చేసి, అమీర్‌పేటలో సర్వర్లను నడిపించే లినక్స్ నేర్చుకుని, పెద్ద కంపెనీలో చోటు దొరికేదాకా ఉందామని ఈ స్టూడియోలో చేరింది. పెళ్లయింది, పిల్ల పుట్టింది, ఆ పెద్ద కంపెనీ సంగతి ఆమే మర్చిపోయింది. చల్లగదికి అలవాటు పడిపోయింది. సర్వర్ రొదలో తేడా వస్తే అన్నం మధ్యలో లేచి వెళ్లేది. బ్యాకప్ విషయంలో ఆమెకు కొంచెం గర్వం కూడా ఉండేది, అబద్ధమెందుకు? "నా దగ్గరకొచ్చిన ఫైలు పోదు" అని సౌండ్ ఇంజినీర్ల ముందు గట్టిగానే అనేది.

స్టూడియో యజమాని రవిచంద్రది భీమవరం. మనిషి మంచివాడే, నమ్మకాలే కాస్త ఎక్కువ. సర్వర్ గది గుమ్మానికి నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడదీయించాడు. ఈశాన్యంలో బరువు ఉండకూడదని అంత సర్వర్‌నీ నైరుతి మూలకు ఈడ్పించాడు. సినిమావాళ్ల దగ్గర ఇదంతా మామూలే గనక కుసుమ నవ్వుకుని ఊరుకునేది.

త్రినాథరావును ఆమె స్టూడియో వరండాలోనే చూసింది. కాకినాడ నాటకాల్లో గొంతుతోనే చప్పట్లు కొట్టించుకున్న మనిషి. సినిమాల్లోకి వచ్చాక గుమస్తా, పూజారి, పెళ్లిలో పెద్దమనిషి, ఇవీ ఆయన వేషాలు. అలాంటి చిన్న వేషాలకు ఆర్టిస్టును పిలిచి డబ్బింగ్ చెప్పించడం దండగ అనుకుంటారు. స్టూడియోలో ఎవరు దొరికితే వాళ్లచేత ఓ పదిమంది మాటలు గంపగుత్తగా చెప్పించేస్తారు. అలా ఎన్ని సినిమాలు చేసినా జనానికి ఆయన మొహం తెలుసు గానీ గొంతు తెలియదు. ఇంత వయసొచ్చాక, ఇన్నాళ్లకు హీరో తండ్రి వేషం వచ్చింది. మీ గొంతే కావాలి అన్నాడు డైరెక్టరు. అదే నెలలో, డాక్టర్లు కేన్సరన్నారు. గొంతు మొత్తం తీసెయ్యాలి, మాట ఇక రాదు అన్నారు. ఏం రాత రాశాడో గానీ ఆ బ్రహ్మదేవుడు!

ఆయన మాత్రం డాక్టర్లను బతిమాలి ఆపరేషన్ వాయిదా వేయించుకున్నాడు. ఉన్న గొంతు అలసిపోకూడదని సెట్లో పెదాలు మాత్రం కదిపేవాడు. పక్కన నిలబడ్డ అసిస్టెంటు డైలాగు అందించేవాడు, సెట్లో మైకుకు ఎక్కిందంతా ఆ అసిస్టెంటు గొంతే. దాచుకున్న గొంతునంతా తెచ్చి దసరా వెళ్లాక డబ్బింగ్ థియేటర్లో పెట్టాడు. భార్య బాలాత్రిపురసుందరి గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చునేది. చివరి డైలాగు అయిపోయాక ఆయన బయటికి వచ్చి, "ఇక కోసుకోమనండి" అన్నాడట నవ్వుతూ. ఆ వారమే ఆపరేషన్ అయింది.

ఇక అసలు కర్మ ఎక్కడ పట్టుకుందో చెప్పాలి. ఆయుధపూజ నాడు ఆ స్టూడియోలో ఆయుధాలు పనిచెయ్యకూడదు. మైకులూ మిక్సర్లూ సర్వరూ, అన్నీ ఆపి, తుడిచి, పసుపూ కుంకుమా పెడతారు. పంతులు చెప్పిన ముహూర్తానికి రవిచంద్ర తన చేత్తో బటన్ నొక్కి సర్వర్‌ను మళ్లీ లేపుతాడు. లేవగానే ఆగకుండా ఒక డైలాగు రికార్డు చెయ్యాలి, అది బోణీ. ఆ ఏడు బటన్ నొక్కే సమయానికి కీబోర్డు ముందు ఉండాల్సిన కుసుమ, ఆఫీసులో ముత్తైదువ తనే గనక, హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది.

పాత బ్యాకప్ డబ్బా నిండిపోతే, ఎండాకాలంలో కొత్తది తెచ్చి, ఆదేశం ఇచ్చి చేత్తో సర్వర్‌కు కలిపిందామె. మెషీన్ ఆగి లేచినప్పుడు దానంతటది కలుసుకోవాలంటే సెట్టింగుల ఫైలులో ఒక్క వరుస రాయాలి. రేపు రాద్దాంలే అనుకుంది. ఆ రేపు రానేలేదు. ముహూర్తానికి సర్వర్ లేచింది, డబ్బా కలవలేదు. అప్పుడు లినక్స్ చేసేదేంటంటే, డబ్బా ఉండాల్సిన చోట అదే పేరుతో ఉన్న ఖాళీ ఫోల్డర్‌ను చూపిస్తుంది. ఆ ఫోల్డర్ ఉండేది సర్వర్ లోపలే. కాపీలు అందులో పడ్డాయి. ఇంటి తాళం చెవికి నకలు చేయించి, రెండూ ఒకే గుత్తికి తగిలించుకున్నట్టు! రోజూ పొద్దున్నే "బ్యాకప్ పూర్తయింది" అని మెయిల్ వచ్చేది. పక్క గదిలో డబ్బా పచ్చ లైటు వెలిగించుకుని ఖాళీగా కూర్చుంది. హారతి అయ్యాక ఒక్కసారి చూసి ఉంటే తెలిసేది. పులిహోర పొట్లాలు పంచి, పండగ ఇంటికి ఆలస్యమవుతోందని అందరితో పాటు ఆమె కూడా వెళ్లిపోయింది.

కార్తీకమాసంలో ఒక పొద్దున యూపీఎస్ పేలింది. సర్వర్ గదిలోంచి పొగ వచ్చింది. లోపలి డిస్కులన్నీ ఒక్క దెబ్బకు పోయాయి. రవిచంద్ర లబోదిబోమంటుంటే కుసుమే ధైర్యం చెప్పింది.

"ఫికర్ చెయ్యకండి సార్, డబ్బాల అన్నీ ఉన్నయి."

తెరిచి చూసింది. ఆయుధపూజ ముందురోజు దాకా ఉన్నాయి. ఆ తర్వాతది ఒక్కటీ లేదు. మిగతా ఆర్టిస్టుల మాటలు మళ్లీ చెప్పించుకోవచ్చు. ఒక్క మనిషిచేత మాత్రం చెప్పించలేరు. కాలిన డిస్కులు తెలిసినవాళ్లందరికీ చూపించింది, అందరూ పెదవి విరిచారు. ఆయన చెప్పిన రీళ్లు, శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్‌కు ఇంకా వెళ్లలేదు. లీకవుతాయన్న భయంతో ఇంటర్నెట్‌లో దాచడానికి నిర్మాతలు మొదటినుంచీ ఒప్పుకోలేదు. సెట్లో రికార్డయినదీ తెప్పించుకుంది, మొదటి నుంచి చివరిదాకా అసిస్టెంటు గొంతే.

రవిచంద్ర ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండునని ఆమెకు అనిపించింది. తలుపు వేసి, గొంతు తగ్గించి చెప్పాడు. "వేరే ఆర్టిస్టుచేత చెప్పించేద్దాం. డైరెక్టరుగారికి వేరే గొంతు కావాల్సొచ్చిందని పెద్దాయనకి చెబుదాం. డిస్కులు పోయిన సంగతి బయటికి రాకూడదు కుసుమా, స్టూడియో మూతపడుద్ది. ఆయన బాధపడతాడు, కాదన్ను. కానీ అలవాటే కదా ఆయనకి."

అలవాటే కదా! ఆ మాట కుసుమకు ముల్లులా గుచ్చుకుంది. ఆఖరి సినిమాలో కూడా నా గొంతు పనికిరాలేదు అనుకుంటూ ఆ మనిషి బతకాలా? తప్పు చేసింది తను. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. మర్నాడు సెలవు పెట్టి మోతీనగర్‌లో వాళ్ల ఫ్లాటుకు వెళ్లింది.

త్రినాథరావు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మెడ చుట్టూ పలచటి గుడ్డ. ఆమెను చూసి చేతులు జోడించి, మొహమంతా నవ్వు చేసుకున్నాడు. సుందరమ్మకు సంబరం ఆగలేదు. "సినిమా చూపిస్తారని చెప్పడానికొచ్చారా అండీ? ఈయన రోజూ అదే గోల. రెండు చేతులూ ఇలా చెవుల దగ్గర పెట్టి, ఎప్పుడు వింటాం, ఎప్పుడు వింటాం అని!"

ఆమె ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. కుసుమ అంతా చెప్పింది. డబ్బా సంగతి, రాయని వరుస సంగతి, పట్టుకున్న హారతి పళ్లెం సంగతి, ఏదీ దాచలేదు. "తప్పు నాదే సార్. మీ గొంతు మంచిగ లేదని గాదు. ఎవరన్న గట్ల చెప్తే నమ్మకండి" అంది ఏడుస్తూ.

ఆయన వేలితో గాలిలో ఏదో చుట్టి చూపించాడు.

"ఇంకెక్కడా లేదా అని అడుగుతున్నారు" అంది సుందరమ్మ.

"ఏడ లేదమ్మా."

ఆయన కుసుమ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఉంటే ఆమె ఓర్చుకునేది. మెల్లగా లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. లోపల్నుంచి ఏ చప్పుడూ రాలేదు. ఏడుస్తున్నాడో, పడుకున్నాడో తెలుసుకునే దారి లేదు.

సుందరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని గుమ్మం దాకా వచ్చింది. "ఆపరేషన్ ముందురోజు మా అమ్మాయి ఫోన్లో రికార్డు చేస్తానందండీ. నేనే వద్దన్నాను. సినిమాలో అంత మంచి మైకులో ఉందిగా, ఈ ఆస్పత్రి గొంతెందుకే అని తిట్టాను. నేనే వద్దన్నాను."

సుందరమ్మ కుసుమ చెయ్యి పట్టుకుంది.

"ఆ అద్దాల గదిలోకి నన్ను రానివ్వలేదు కదా, నేను వినలేదండీ. అన్నీ మీ చేతిమీదుగానే వెళ్లాయంటున్నారు. మీరు వినే ఉంటారు. కొడుకుతో ఆఖరిసారి మాట్లాడే చోటు, నాలుగు రోజులు ఇంట్లో అదే సాధన. థియేటర్లో ఎలా చెప్పారండీ? బాగా చెప్పారా?"

కుసుమ తల వంచుకుంది. విన్నానని చెప్పేస్తే ఆ తల్లి సంతోషిస్తుంది. అంత చెప్పాక ఆ ఒక్క అబద్ధం నోటికి రాలేదు.

"నేను ఇనలేదమ్మా. ఫైలు పేరు చూస్త, సైజు చూస్త, కాపీ పెడ్త. తెరిచి ఏదీ ఇనలేదు."