ఒక కాలు సక్కగ, ఒక కాలు వంకర

మా అమ్మ దొడ్డికాళ్ళు అక్కకు, నాకు వచ్చినయి. చీలమండలు కలిపి నిలబడితే మోకాళ్ళ నడుమ పిడికిలి పట్టేంత సందు. చిన్నప్పుడు బళ్ళె నవ్వేటోళ్ళు. పెండ్లయినంక దాని సంగతే మరిచిపోయిన. నలభై దాటినంక నొప్పి మొదలైంది.

అమీర్‌పేటల చీరల షాపుల పని నాది. షట్టర్ ఎత్తినప్పటిసంది దించేదాక కౌంటర్ ఎనుక నిలబడే ఉండాలె. గిరాకీ లేకున్నా కూసోవద్దు. కుడి మోకాలు లోపలిదిక్కు సూదులు గుచ్చినట్టు అయ్యేది. మధురానగర్‌ల మా ఇల్లు రెండో అంతస్తు. పనికెళ్ళి వచ్చి, కింద నిలబడి మెట్ల దిక్కు చూసి ఏడ్చిన రోజులున్నయి.

పంజాగుట్టల ఒక ఆస్పత్రికి పోయిన. డాక్టర్ నన్ను నిలబెట్టి, తుంటికాడికెళ్ళి చీలమండ దాక ఒక్కటే పొడుగు ఎక్స్‌రే తీయించి, కంప్యూటర్ల దాని మీద గీత గీసి చూపించిండు. ఆయన కోస్తా దిక్కు మనిషి.

"చూడండమ్మా, ఒంటి బరువు మోకాలి మధ్యలో పడాలి. మీ కాలు వంకర కాబట్టి అంతా లోపలివైపే పడుతోంది. అక్కడ గుజ్జు అరిగిపోయింది, బయటివైపు బాగానే ఉంది. మోకాలు మార్చక్కర్లేదు. కింద ఎముక కోసి, కొంచెం తెరిచి, ప్లేటు వేసి కాలు సరిచేస్తాం. బరువు బాగున్న వైపుకి జరుగుతుంది."

"నొప్పి మొత్తం పోతదా సార్?"

"తగ్గుతుంది. మొత్తం పోతుందని మాత్రం చెప్పను."

ఉన్నదున్నట్టు చెప్పిండని ఒప్పుకున్న.

యూసుఫ్‌గూడల ఉండే మా అక్కకు చెప్తే మండిపడ్డది. "అమ్మ గీ కాళ్ళతోనే నాట్లేసింది, మనల్ని సాదింది. నువ్వు బొక్క కోయించుకుంటవానే? పిచ్చి లేసిందా?" ఆపరేషన్ నాడు రాలేదు. నేను ఇంటికొచ్చినంక మాత్రం, బట్టల సంచి చేతుల పట్టుకొని, తన మోకాళ్ళు సుత నొస్తుంటే ఆగి ఆగి మెట్లెక్కి వచ్చింది. వంట చేసింది, నా తల దువ్వింది. తిట్టుడు మాత్రం బంద్ చెయ్యలేదు.

కోసిన కాలు మీద బరువు ఒక్కసారే మోపొద్దు, జర జర పెంచుకుంట పోవాలని ఎక్సర్‌సైజులు చేయించే ఆమె చెప్పింది. అక్క పై అంతస్తు హాస్టల్ పిల్లలను అడిగి బరువు చూసుకునే మిషన్ తెచ్చింది. ఎడమ కాలు కింద పీట, కుడి పాదం మిషన్ మీద. చెప్పినకాడికి ముల్లు వచ్చేదాక నొక్కాలె, దాటనియ్యొద్దు.

"నొక్కవే."

"ఇరుగుతదేమో అక్కా."

"ఇనుము పెట్టిన్రు గద, ఎట్ల ఇరుగుతది? నా భుజం పట్టుకో."

పట్టుకున్న. నా చెయ్యి పడంగనే ఆమె ఒరిగింది. అప్పుడు చూసిన, ఆమె సుత ఒక్క కాలు మీదనే నిలబడి ఉంది.

మెల్లగ చంకకర్రలు పోయినయి. మళ్ళ షాపుకు పోవుడు మొదలువెట్టిన. ఒకనాడు మధురానగర్ మెట్రో మెట్ల కాడ మా ఆయన బండి పెట్టుకొని నిలబడ్డడు. ఎదురుంగ వస్తున్నా నన్ను చూడలే. దగ్గరికి పోయి పిలిస్తే ఉలిక్కిపడ్డడు.

"ఎప్పుడూ నడక చూసి గుర్తుపడ్త. ఇప్పుడు ఎవరో అనుకున్న" అని నవ్విండు. నాకు నవ్వు రాలేదు.

లోపలిదిక్కు నొప్పి నిజంగనే తగ్గింది. గని చలిపెడితే ప్లేటు ఉన్నకాడ గుంజుతది. తెరిచి అతికించినందుకు ఆ కాలు జర పొడుగైంది, ఎడమ చెప్పుకు మందంగ అట్ట కుట్టించుకున్న. మేనేజర్ దయతలచి స్టూల్ ఇచ్చిండు గని, దాని మీద కూసునే తీరిక దొరకదు. అన్నిటికన్న, ఇన్నాళ్ళు రెండు కాళ్ళ పని చేసిన ఎడమ మోకాలు ఇప్పుడు సలుపుతుంది.

చెకప్‌కు అక్క ఎంట వచ్చింది. డాక్టర్ కొత్త ఎక్స్‌రే చూసి సంతోషపడ్డడు. "గీత అనుకున్న చోటే పడుతోంది. ఎముక బాగా అతికింది. ఎడమ కాలి గురించి కూడా ఆలోచించండి."

అక్క కుర్చీ ముందుకు జరుపుకున్నది.

"సార్, నా కాళ్ళు సుత జర చూస్తరా?"

నేను అక్క మొకం దిక్కు చూసిన. ఆమె నా దిక్కు చూడలేదు.

ఆమెను సుత నిలబెట్టి ఎక్స్‌రే తీసిన్రు. డాక్టర్ చానసేపు చూసిండు. "మీకు రెండువైపులా అరిగిపోయిందమ్మా. కాలు నిటారుగా చేసినా, బరువు పెట్టడానికి బాగున్న వైపంటూ లేదు. కొన్నేళ్ళ ముందు వచ్చుంటే చేసేవాళ్ళం. ఇప్పుడైతే మోకాలు మార్చడమే."

అక్క తలూపింది. కొంగు సర్దుకొని లేచింది.

పంజాగుట్ట చౌరస్తాల ఆటో కోసం నిలబడ్డం. ఫ్లైఓవర్ కింద బండ్లు కదులుతలేవు.

"అప్పుడు నిన్ను తిట్టిన గద, మనసుల పెట్టుకోకు" అన్నది.

"గదేం లేదక్కా."

"మరి రెండో కాలు ఎప్పుడు?"

"మళ్ళ కర్రలు, మళ్ళ నడక నేర్చుకునుడు. నాకు ఓపిక లేదక్కా ఇప్పుడు."

"నేనొస్త గద."

"నీ మోకాళ్ళతోని ఆ మెట్లెట్ల ఎక్కుతవు?"

ఆటో దొరికింది. అక్కను ముందు ఎక్కించి, ఆమె చెయ్యి పట్టుకొని నేనెక్కిన.

ఎడమ కాలు ఇంకా అట్లనే ఉంది. మోకాలు మార్పించుకునే సంగతి అక్క ఎత్తదు. నేనూ అడగను.